ఐదో గుర్తు: మిరప కల్లం

ఫిబ్రవరి మొదటి సోమవారం, ఉదయం అయిదూ నలభై. నడికుడి జంక్షన్‌లో రైలు దిగాం. ఆరుగురు మనుషులు, పద్నాలుగు పెట్టెలు, రెండు గుడారాలు. చలి పెద్దగా లేదు, స్వెట్టరు చాలు. ప్లాట్‌ఫారం మీద కెప్టెన్ సాబ్ సీలు వేసిన కవరు చించాడు. లోపలి కాగితం చదివి నా వైపు తిరిగాడు.

"వెల్దుర్తి ఎక్కడుంది, పల్నాడూ?"

పటాలంలో నన్ను అందరూ పల్నాడు అనే పిలిచేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. మా ఊరి పక్కనున్న వెల్దుర్తి ఎక్కడని అడగ్గానే నాకు నవ్వు ఆగలేదు. తొమ్మిదేళ్ల సర్వీసులో రెండేళ్లు మంచులో ఉన్నాను, మూడేళ్లు ఇసుకలో ఉన్నాను. సెలవు దొరికితే మూడు రైళ్లు మారి మా ఊరికి వచ్చేవాడిని. అలాంటివాడిని ఈసారి సర్కారే టికెట్టు కొని తెచ్చి మా ఇంటి ముందు దింపింది.

ఇంటి ముందు అంటే ఆరు కిలోమీటర్ల రెండు వందల మీటర్ల అవతల. ఒక కొండ మీద. ఇంటికి వెళ్లకూడదన్న ఆర్డరుతో.

మిలటరీ కబుర్లు చెప్పమని అడిగే వాళ్లందరికీ తుపాకుల కబుర్లే కావాలి. అవి నా దగ్గర తక్కువ. ఉన్నవి కూడా చెప్పుకోదగ్గవి కావు. నేను మనసారా చెప్పుకునే డ్యూటీ ఈ నలభై రోజులదే. ఇందులో ఒక్క గుండు పేలలేదు. అయినా నా గుండె అంతగా కొట్టుకున్న రోజు సరిహద్దులో కూడా లేదు.

పని ఇదీ. దూరం చూసే కొత్త కెమెరా ఒకటి తెచ్చాం. మూడు కాళ్ల స్టాండు, పక్కన టీవీ లాంటి తెర. ఎలాంటి గాలిలో అది ఎంత దూరం చూడగలదో పరీక్షించాలి. కెప్టెన్ సాబ్, కెమెరా ఆపరేటర్, వాతావరణం చూసే హవల్దార్, వంటవాడు, డ్రైవర్, నేను. నా పరికరాలు రెండు కళ్లు, ఒక నోట్‌బుక్కు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు, గంట గంటకూ కొండ కొమ్ము మీద నిలబడి ఎంత దూరం కనిపిస్తోందో రాయాలి.

అందుకు గుర్తులు కావాలి. మొదటి గుర్తు కొండ కింద పాతిన ఎర్రజెండా, నాలుగు వందల మీటర్లు. రెండోది సెల్ టవరు, పన్నెండు వందలు. మూడోది నాపరాయి క్వారీలో క్రేను, రెండు కిలోమీటర్ల ఆరు వందలు. నాలుగోది పక్క ఊరి వాటర్ ట్యాంకు, నాలుగు కిలోమీటర్ల చిల్లర. ఐదో గుర్తుకు ఏం పెడదామని కెప్టెన్ సాబ్ అడిగాడు.

"అదిగో సాబ్, వాయవ్యంలో ఎర్రగా ఉంది చూడండి. మిరపకాయలు ఎండబోసిన కల్లం. ఇంకో రెండు నెలలు అక్కడే ఉంటుంది" అన్నాను.

దూరం కొలిచే యంత్రం పెట్టి చూశారు. ఆరూ రెండు వందలు. "మంచి గుర్తు" అని కెప్టెన్ సాబ్ రాసుకున్నాడు.

వాతావరణం హవల్దార్‌ది మిర్యాలగూడ. కృష్ణకు అవతల ఒడ్డు. నాకన్నా పదేళ్లు పెద్ద, అన్నా అనేవాడిని. ఆయన నా భుజం పక్కన నిలబడి మెల్లగా అడిగాడు.

"కల్లం ఎవలదిరా తమ్మీ?"

"ఎవరిదో అన్నా. నాకేం తెల్సు?"

"నీ మొకం సూస్తె తెలుస్తలేదా? పో, సెప్పన్లే ఎవ్వలకు."

ఆ కల్లం మాదే. ఎకరన్నర మిరప. పొద్దున ఎనిమిదింటికి పరదాలు తీసి కాయ నేర్పేది, అంటే ఎండకు పలచగా పరిచేది, మా అమ్మ. ఆపరేటర్ బైనాక్యులర్లు అడిగి చూసినా మనిషి కనపడదు గానీ ఎరుపు కొంచెం కొంచెంగా వెడల్పవడం కనిపించేది. అది చూసి అమ్మ లేచిందని, పనిలో పడిందని అనుకునేవాడిని. తొమ్మిదేళ్లలో మా అమ్మ క్షేమం రోజూ పొద్దున్నే తెలిసిన నలభై రోజులు అవే.

మేం ఎక్కడున్నామో ఇంట్లో చెప్పకూడదు. ఫోన్లు కెప్టెన్ సాబ్ పెట్టెలో. శనివారం మధ్యాహ్నం పది నిమిషాలు ఇస్తారు. తెలుగు ఆయనకు రాదు కాబట్టి నేను మాట్లాడేటప్పుడు పక్కన కూర్చుని వినే పని హవల్దార్ అన్నది.

అన్న పెట్టెలు తెరిస్తే నాకు తిరునాళ్లలో బొమ్మల కొట్టు చూసినట్టుండేది. ఒకే పిడికి రెండు థర్మామీటర్లు. ఒకదాని మొనకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. పిడి పట్టుకుని గిరగిరా తిప్పి రెండూ చదువుతాడు. రెండింటికీ తేడా ఎక్కువుంటే గాలి పొడిగా ఉన్నట్టు, దగ్గరదగ్గరగా ఉంటే తేమ పట్టినట్టు. ఇంకో పెట్టె గాలిని పీల్చుకుని అందులో ఎన్ని నలుసులున్నాయో లెక్కపెడుతుంది. పెద్ద నలుసులు ఒక వరసలో, కంటికి ఆనని సన్నవి ఇంకో వరసలో.

ఆ పెట్టె మీద నాకు గౌరవం లేదు. పల్నాడులో పుట్టినవాడికి దుమ్ము గురించి ఒక పెట్టె చెప్పాలా? క్వారీ లారీ పోతే వెనక తెల్లటి తెర లేస్తుంది, అవతలి మనిషి కనపడడు, నీళ్లు చల్లితే అణుగుతుంది. ఇంటి ముందు కళ్లాపి చల్లే ఆడవాళ్లందరికీ ఈ సైన్సు వచ్చు. ఇదే మాట అన్నకు చెప్పాను.

"లారీ దుమ్ము లావుగుంటది తమ్మీ. లేస్తది, పడ్తది. దాంతోని భయం లేదు. పొగ అట్ల కాదు. సన్నగుంటది, గాల్లనే ఉంటది."

"పొగ గాలికి పోద్దిలే అన్నా."

"గాలి వీస్తె పోతది. వీయకపోతె?"

నేను వినలేదు. నా ఊరు, నా గాలి, నాకు ఒకరు చెప్పేదేంటన్న పొగరు.

రెండో శనివారం ఫోన్ చేస్తే నాన్న హలో కూడా అనలేదు.

"ఒరేయ్ పెద్దోడా, సంబంధం వచ్చింది. పేటలో వాళ్లు. పిల్ల బీయీడీ చదివింది, అక్కడే బళ్లో పాఠాలు చెప్తంది. వచ్చే ఆదివారం మన ఇల్లు చూసుకోను వస్తన్నారు. నువ్వు సెలవు పెట్టుకొని రా."

పేట అంటే నరసరావుపేట. మా వైపు ఇంకో పేట లేదు.

"ఇల్లు చూసుకోను వస్తే నేనెందుకు నాన్నా? తర్వాత మనం పోదాంగా."

"అదేరా ఇచిత్రం. పిల్ల గూడా వస్తదంట. ఇంటినీ పిల్లోణ్ణీ తన కళ్లతో చూడకుండా చెప్పదంట. ఆ రోజు సాయంత్రం వాళ్లు గురజాలలో ఇంకో సంబంధానికి పోతన్నారు. నువ్వు లేకపోతే ఇంకేం చెప్తాం? పన్నెండూ ఇరవైకి వర్జ్యం. ఆలోపే మాటలయిపోవాల."

మా వైపు పెళ్లికూతురు అబ్బాయి ఇంటికి వచ్చి చూడటమన్నది నేను వినలేదు. నాన్నకు అది వింతగా ఉంది. నాకు మాత్రం ఆ పిల్ల ఎవరో అప్పుడే నచ్చింది. పేరు వనజ అని చెప్పాడు.

బుధవారం కెప్టెన్ సాబ్ అందరినీ పిలిచాడు. ఆదివారం పైనుంచి పెద్ద అధికారులు వస్తున్నారు. వాళ్ల ముందు కెమెరా ఐదో గుర్తు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టి చూపించాలి. అది జరిగితే పరీక్ష అయినట్టే. మధ్యాహ్నం పన్నెండుకి వాళ్లు తిరిగి వెళ్లిపోతారు. అప్పటికి గుర్తు కనపడకపోతే మళ్లీ పది రోజులకు. నేను ముందుకు జరిగి సెల్యూట్ కొట్టి విషయం చెప్పాను. ఐదో గుర్తు మా ఇల్లేనని తప్ప మిగతాదంతా చెప్పాను.

కెప్టెన్ సాబ్ గడ్డం గోక్కున్నాడు. "పరీక్ష అయిపోయిన నిమిషంలో నిన్ను జీపులో పంపిస్తాను. అవకపోతే పంపలేను. ఆదివారం గాలి ఎన్ని గంటలకు బాగుంటుంది? నువ్వు ఇక్కడివాడివి, నువ్వే చెప్పు."

"ఏడున్నరకి సాబ్. ఎండ పడకముందే. లారీలు కూడా ఉండవు."

"సాబ్, పదకొండు దాటాలె. గాలిల తడి ఆరాలె" అన్నాడు హవల్దార్ అన్న, హిందీలోనే గానీ అదే యాసతో.

కెప్టెన్ సాబ్ ఇద్దరినీ చూశాడు. పైవాళ్లకు పంపే సందేశంలో ఏడున్నర అని రాశాడు. ఊరివాడి మాట కదా.

మూడో శనివారం నా తెలివి ఇంకా పెరిగింది. ఆదివారం క్వారీకి సెలవే గానీ, లారీల రోడ్డు మీద మడమ లోతు దుమ్ము. గాలి రేగితే కెమెరాకు అడ్డం. దాన్నెలా అణచాలో నాకు తెలుసు. ఫోన్ తీసుకున్నాను.

"నాన్నా, చుట్టాలొస్తున్నారు గదా, మన రోడ్డంతా దుమ్ము. మస్తాన్ బాబాయితో ట్యాంకరు నీళ్లు కొట్టించు."

మస్తాన్ బాబాయి మా ఊళ్లో ట్రాక్టర్ల మెకానిక్కు. సొంత ట్యాంకరుంది. వరసకు ఏమీ కాడు, అయినా చిన్నప్పట్నుంచీ బాబాయే. పక్కనే ఉన్నాడేమో, ఫోన్ లాక్కున్నాడు.

"ఒకటేందిరా, మూడు ట్యాంకర్లు కొడతా! పెళ్లికూతురు కారు కింద దుమ్ము లేస్తే నన్నడుగు!"

"నేనూ తక్కువ తిన్లేదు" అని వెనక నాన్న అరుస్తున్నాడు. "రోడ్డు పక్క పత్తి కట్టె అంతా పీకించి కుప్పేయించా. సాయంత్రం తగలెడతన్నాం. ఊళ్లో చానామంది తగలెడతన్నారు. చూసేవాళ్లకి చేలు అద్దంలా ఉండాల."

ఫోన్ పెట్టేశాక హవల్దార్ అన్న నన్నే చూస్తూ కూర్చున్నాడు.

"నీళ్లు గొట్టిపిచ్చినవ్. పొగ బెట్టిపిచ్చినవ్. ఇగ సూడు రేపు."

"దుమ్ము అణిగిద్ది అన్నా."

"దుమ్మయితె అణుగుతది" అన్నాడు.

సాయంత్రం ఆరుకి కొండ మీద నుంచి చూస్తే చేల మధ్య పది పన్నెండు చోట్ల మంటలు. పొగ నిట్టనిలువుగా లేచి, కొంత ఎత్తుకి వెళ్లి, అక్కడ ఏదో మూత పెట్టినట్టు అడ్డంగా పరుచుకుంది. గాలి ఆకు కదలనంత నిలకడగా ఉంది. నోట్‌బుక్కులో రాసి గుడారంలోకి వెళ్లాను. గడ్డం గీసుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేసి దిండు కింద పెట్టుకున్నాను.

ఆదివారం ఉదయం ఆరు. గుడారం తలుపు తీశాను. ఎదురుగా ఏమీ లేదు.

లేదంటే నిజంగా లేదు. కొండ అంచు దాకా నేల ఉంది, ఆ తర్వాత అంతా మజ్జిగ రంగు. పొగమంచు అయితే ముఖానికి చల్లగా తగులుతుంది, మంచి వాసన వస్తుంది. ఇది కళ్లు మండిస్తోంది, కాలిన కట్టె వాసన వేస్తోంది. మొదటి గుర్తు ఎర్రజెండా నీడలాగా ఉంది. టవరు లేదు. క్రేను లేదు. మా కల్లం సంగతి చెప్పనక్కర్లేదు.

అన్న అప్పటికే థర్మామీటర్లు తిప్పుతున్నాడు. "పందొమ్మిది. పద్దెనిమిదిన్నర" అన్నాడు. రెండూ అంటుకుని ఉన్నట్టే లెక్క. నలుసుల పెట్టె చూపించాడు. లావు నలుసుల వరసలో అంకె బాగా తగ్గింది. నా నీళ్లు పనిచేశాయి. సన్న నలుసుల వరసలో అంకె మాత్రం నిన్నటికి ఎన్నో రెట్లు.

"ఇసుక నానబెడ్తె ఉబ్బుతదా?" అని అడిగాడు.

"ఉబ్బదు."

"సగ్గుబియ్యం?"

"ఉబ్బుద్ది."

"లారీ దుమ్ము ఇసుక లెక్క. పొగ నలుసు సగ్గుబియ్యం లెక్క. పగటిపూట పొడిగాలిల సన్నగుంటది, వెలుగు పక్కకెల్లి పోతది. తెల్లారగట్ల గాలి తడిగుంటె ఆ తడంత తాగి ఉబ్బుతది. అట్ల ఉబ్బినయన్నీ వెలుగును సెదరగొడ్తె ఇగో, గిట్ల తెల్లగైతది. నీ మూడు ట్యాంకర్లతోని ఇంత తడి రాలే. తడి రాత్రే ఉండె. నువ్వు నాన్నతోని కట్టె కాల్పియ్యకపోతె గింత గాకపోవు."

"నేను కాల్చమన్లేదు అన్నా."

"వద్దన్లే గద?"

నిజమే. వద్దనలేదు. ఎందుకంటే నాకు దుమ్మే కనపడింది. చిన్నప్పట్నుంచీ కళ్లలో పడేది అదే కాబట్టి దానిమీదే కోపం. కంటికి ఆనని నలుసుతో నాకు శత్రుత్వం లేదు. శత్రువును తప్పుగా గుర్తించడం సైనికుడికి సిగ్గుచేటు. నాకు అప్పుడు నిజంగానే సిగ్గేసింది.

ఏడూ ఇరవైకి అధికారుల జీపులు వచ్చాయి. పెద్దసాబ్ నెరిసిన మీసం, నిదానం మనిషి. లోయలోకి చూసి, "ఏం చూపిస్తారు, పాలా?" అన్నాడు. కెప్టెన్ సాబ్ నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయను.

ఎనిమిది. దృశ్యదూరం తొమ్మిది వందల మీటర్లు. కెమెరా తెర మీద బూడిద రంగు. ఆపరేటర్ పంజాబీ వాడు, మీటలు నొక్కీ నొక్కీ తలపాగా సర్దుకున్నాడు.

ఎనిమిదిన్నర. వంటవాడు రెండోసారి టీ పోశాడు. పెద్దసాబ్ తాగాడు.

తొమ్మిది. పదకొండు వందలు. థర్మామీటర్ల మధ్య రెండు డిగ్రీల తేడా. అన్న నాకు రెండు వేళ్లు చూపించి కన్ను కొట్టాడు.

తొమ్మిదీ నలభై. సెల్ టవరు వచ్చింది. ముందు కొన, తర్వాత నడుము. వంటవాడు మూడోసారి టీ, ఈసారి పకోడీ కూడా.

పదీ ఇరవై. క్రేను. తేడా అయిదు డిగ్రీలు. ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. నేల వేడెక్కుతోంది, ఆ మూత లేస్తోంది. నా చొక్కా ఇస్త్రీ పోయింది.

పదీ యాభై. వాటర్ ట్యాంకు. దాని అవతల ఇంకా తెలుపే. పెద్దసాబ్ వాచీ చూసుకున్నాడు. "పదకొండున్నర దాకా చూద్దాం" అన్నాడు. అక్కడి నుంచి మా ఊరికి రోడ్డు మీద పద్నాలుగు కిలోమీటర్లు. పన్నెండూ ఇరవైకి వర్జ్యం. లెక్క వేసుకుని దేవుళ్లందరికీ ఒక దండం పెట్టాను. మస్తాన్ బాబాయి తరఫున దర్గాకి కూడా ఒకటి.

పదకొండూ పది. తెలుపులో ఒక చోట రంగు మారింది. ముందు గులాబీ అనుకున్నాను, కళ్లు మోసం చేస్తున్నాయేమోనని తుడుచుకున్నాను. మళ్లీ చూశాను. ఎరుపు. మా అమ్మ నేర్పిన ఎరుపు.

"ఐదో గుర్తు!" అని అరిచాను. అంతమంది అధికారుల ముందు అంత గట్టిగా అరవకూడదు.

ఆపరేటర్ కెమెరా తిప్పాడు. తెర మీద కల్లం వచ్చింది. పక్కన మా రేకుల షెడ్డు, రెండు ఆటోలు, ఒక కారు. కల్లం చుట్టూ చిన్న చిన్న మనుషులు. నాన్న ఏం చేస్తున్నాడో నాకు చూడకుండానే తెలుసు. వచ్చిన వాళ్లను ఎండలో కుర్చీలు వేసి కూర్చోబెట్టి మిరపకాయల రంగు చూపిస్తున్నాడు.

"పన్నెండు మంది, సాబ్" అన్నాడు ఆపరేటర్.

"నిజమో కాదో ఎలా తెలుస్తుంది?" అని పెద్దసాబ్ అడిగాడు. లెక్క సరిచూడటానికి ఊళ్లో మన మనిషి ఉండాలి. ఏడున్నరకి అందుకని పంపిన జవాను, పరీక్ష ఆలస్యమయ్యేసరికి, వాటర్ ట్యాంకు దగ్గర నుంచే వెనక్కి వచ్చేశాడు.

నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను. "సాబ్, ఆ ఇల్లు మాది."

కెప్టెన్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. పెద్దసాబ్ నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. ఇస్త్రీ చొక్కా, గీసిన గడ్డం. "ఆదివారం మీ ఇంట్లో ఏమిటి విశేషం?" చెప్పాను. ఆయన మీసం కదిలింది. "ఫోన్ ఇవ్వండి ఇతనికి. స్పీకర్ పెట్టు. ఎక్కడున్నావో చెప్పకు."

హవల్దార్ అన్న పక్కన నిలబడి హిందీలో చెబుతున్నాడు.

"నాన్నా, ఎంతమంది ఉన్నారక్కడ?"

"ఎంతమంది ఏందిరా! నువ్వు యాడున్నావు? వాళ్లు వచ్చి అరగంటయింది!"

"వస్తన్నా నాన్నా. ముందు లెక్క చెప్పు."

"కుర్చీల్లో పదకొండు మందిమి. మజ్జిగ తాగుతున్నాం."

పదకొండు. తెర మీద పన్నెండు. పెద్దసాబ్ కనుబొమ్మలు ముడిచాడు. పక్కనున్న అధికారి ఏదో రాసుకోబోయాడు. ఆపరేటర్ మళ్లీ లెక్కపెట్టాడు. తెర మీద వేలు పెట్టి చూపించాడు. ఎరుపుకి అవతలి కొసన, మిగతా వాళ్లకు దూరంగా, ఒక మనిషి విడిగా నిలబడి ఉంది.

"నాన్నా, కల్లం చివర ఎవరన్నా నిలబడ్డారా?"

"ఆ, పిల్ల. మజ్జిగ వద్దని అటు పోయి నిలబడింది... ఒరేయ్, నీకెట్టా తెల్సు?"

కొండ మీద నవ్వులు. పెద్దసాబ్ చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు. "ఆ అమ్మాయికి ఫోన్ ఇమ్మను. ఏదైనా ఒక పని చెయ్యమను. మనం చూసి చెబుదాం. అప్పుడు ఈ పరీక్షలో అనుమానం ఉండదు."

తెర మీద ఒక చుక్క కుర్చీల దగ్గర నుంచి లేచి రెండో చుక్క దగ్గరికి నడిచింది. ఫోన్‌లో ఒక గొంతు వచ్చింది. తొణుకూ బెణుకూ లేని గొంతు.

"చెప్పండి."

తొమ్మిదేళ్ల సర్వీసు చేసినవాడిని. ఫోన్‌కే సెల్యూట్ కొట్టబోయాను. అన్న మోచేత్తో పొడిచాడు.

"మీరు... మీరు అక్కడే నిలబడి ఏదన్నా చేస్తారా? నాకు చెప్పకుండా."

"ఎందుకు?"

"అది చెప్పకూడదండి."

"మీరు నన్ను చూస్తన్నారా?"

పెద్దసాబ్ తల అడ్డంగా ఊపాడు. "అదీ చెప్పకూడదండి" అన్నాను.

"బాగానే ఉంది. సరే, నేనొకటి చేస్తా. ఏం చేశానో చెప్పండి చూద్దాం."

అందరం తెర మీదికి వంగాం. ఎరుపు అంచున ఆ చిన్న బొమ్మ పక్కన నల్లగా ఏదో విచ్చుకుంది. ముడుచుకుంది. మళ్లీ విచ్చుకుని మళ్లీ ముడుచుకుంది.

"గొడుగు, సాబ్! రెండుసార్లు" అన్నాడు ఆపరేటర్.

పెద్దసాబ్ నాకు సైగ చేశాడు. చెప్పు అని.

"గొడుగు తెరిచారు. రెండుసార్లు" అన్నాను.

తెర మీద ఆ అమ్మాయి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నలుదిక్కులా చూసింది. రోడ్డు వైపు, చేల వైపు, చివరికి కొండ వైపు. సరిగ్గా మా మీదికే చూస్తూ ఆగింది. ఆమెకు ఉట్టి కొండ తప్ప ఏమీ కనిపించదని నాకు తెలుసు. అయినా నేను చొక్కా సర్దుకున్నాను.

"మీరు యాడున్నారో నేనడగను" అంది. గొంతులో నవ్వు దాగలేదు. "పన్నెండూ ఇరవై దాటితే మా నాన్న లేస్తాడు. ఈలోపల రండి."

పెద్దసాబ్ కాగితం మీద సంతకం పెట్టాడు. పదకొండూ ముప్పై ఎనిమిదికి నేను జీపులో ఉన్నాను.

పదమూడు కిలోమీటర్లు డ్రైవర్ గాల్లో తోలాడు. మలుపు తిరిగి మా ఊరి రోడ్డెక్కాడు. మస్తాన్ బాబాయి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఒక్క రవ్వ దుమ్ము లేదు. మూడు ట్యాంకర్ల నీళ్లు నల్లరేగడి మీద. జీపు నాలుగు చక్రాలూ సగానికి దిగబడ్డాయి. వచ్చినవాళ్ల కారు అంతకుముందే కట్ట మీదుగా చుట్టు తిరిగి వెళ్లిందట. ఆ సంగతి మాకు చెప్పేవాడు లేడు.

దిగి పరిగెత్తాను. పది అడుగుల్లో ఒక బూటు బురదలో ఉండిపోయింది. దాని కోసం వెనక్కి తిరిగే టైం లేదు, రెండోదీ విప్పి పారేశాను. పన్నెండూ పద్నాలుగుకి కల్లం దగ్గరికి చేరాను. మోకాళ్ల దాకా రేగడి. ఇస్త్రీ చొక్కా మీద చుక్కలు చుక్కలు. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నాన్న కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాడు. ఆ పిల్ల తండ్రి వాచీ చూసుకుంటున్నాడు.

"అబ్బాయి ఎక్కణ్ణుంచి రావటం?" అని అడిగాడు.

"డ్యూటీ నుంచండీ."

వనజ గొడుగు ముడిచి, నన్ను పాదాల నుంచి పైకి చూసింది. అమ్మ తెచ్చిన చెంబు తను అందుకుని నా ముందు పెట్టింది.

"కాళ్లు కడుక్కోండి" అని, తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఇంక గురజాల పోయే పన్లేదు."

పన్నెండూ పద్దెనిమిది. వర్జ్యానికి రెండు నిమిషాల ముందు.

ఆ రోజు మూడింటికి మస్తాన్ బాబాయి ట్రాక్టరు కట్టి జీపును లాగాడు. "దుమ్ము లేచిందా చెప్పు? లేచిందా?" అని నన్ను నిలదీశాడు. లేవలేదని ఒప్పుకున్నాను. నాలుగింటికి కొండ మీద హాజరు చెప్పాను. కెప్టెన్ సాబ్ నాకు శిక్ష వేశాడు. ఇక నుంచి నలుసుల పెట్టె చదివే పని కూడా నాదే. మిగతా రోజులన్నీ హవల్దార్ అన్న పక్కన కూర్చుని చదివాను. పత్తి కట్టె కాల్చిన మరునాడు పొద్దున లోకం ఎంత దగ్గరికి కుంచించుకుపోతుందో అంకెల్లో చూశాను. చిన్నప్పట్నుంచీ ఆ గాలే పీల్చానని, మా అమ్మ ఇప్పటికీ దాంట్లోనే కాయ నేర్పుతోందని అప్పుడు తట్టింది. ఆ ఏడాది నుంచి మా ఇంట్లో కట్టె కాల్చడం లేదు. నాన్న సణుగుతూనే యంత్రం పెట్టి ముక్కలు చేయించి చేలో కలుపుతున్నాడు.

నలభయ్యో రోజు నడికుడిలో రైలెక్కాం. పెట్టెలు ఎక్కించాక అన్న నోట్‌బుక్కు తెరిచి ఆ ఆదివారం పేజీ చూపించాడు. పదకొండున్నర గంటల వరస. దృశ్యదూరం ఆరు వేల రెండు వందల మీటర్లు. తడికీ పొడికీ తేడా ఎనిమిది. మనుషులు పన్నెండు. చివర ఏవైనా విశేషాలుంటే రాసే గడి ఒకటుంటుంది. నలభై రోజులూ ఖాళీగా ఉన్న ఆ గడిలో ఆ ఒక్క రోజు అన్న చేతిరాత ఉంది.

ఎనిమిదేళ్లయింది. పోయిన ఏడాది రిటైరై పేటలో ఉంటున్నాం, వనజ బడికి దగ్గరగా. చలికాలం పొద్దున్నే ఇద్దరం డాబా ఎక్కుతాం. ఈ రోజు ఎంత దూరం అని అడుగుతుంది. జిన్నింగ్ మిల్లు గొట్టం, కోర్టు దగ్గర టవరు, అవతల కోటప్పకొండ. కనపడినంత వరకు చెబుతాను. కొన్ని రోజులు ఎదురింటి ట్యాంకు దాకా కూడా చూపు ఆనదు, అప్పుడు ఇద్దరం తిట్టుకుంటూ కిందికి దిగుతాం.

కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది మాత్రం ఒకటే. పాలలాంటి తెలుపు, అందులోంచి మెల్లగా పైకి తేలే ఎరుపు, ఆ ఎరుపు అంచున ఒక నల్ల చుక్క. అన్న ఆ గడిలో రాసింది నాకు అక్షరం మారకుండా గుర్తుంది.

"నల్ల గొడుగు ఒకటి. రెండుసార్లు తెరుచుకున్నది. ఆ పిల్లకు మావాడు కనబడ్డడు."